మాత్రలు పారేస్తేనే విశ్వాసమా?

శ్రమల దినాలు వచ్చాయంటే నలభై రోజుల ఉపవాస కూటాల కరపత్రాలు గోదావరికి ఈ గట్టునా ఆ గట్టునా గోడలకెక్కుతాయి. ప్రార్థనతో నాకు పేచీ లేదు, ఉపవాసంతోనూ లేదు. నా బాధంతా కొన్ని కూటాల్లో చివరి అరగంట గురించి. సాక్ష్యాల సమయంలో ఎవరో ఒకరు లేచి, ఇన్నేళ్లుగా మింగుతున్న మాత్రలు ఈ రాత్రే కాలవలో పారేశానంటారు. చప్పట్లు మోగుతాయి. మైకులో స్తోత్రం వినిపిస్తుంది. ఆ మాత్రలు మనసు జబ్బుకు వేసుకుంటున్నవైతే, కొన్నాళ్లు తిరిగేసరికి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూడ్డానికి ఆ వేదిక మీదివారు ఉండరు. టెంటు విప్పుకొని ఇంకో ఊరు వెళ్లిపోయి ఉంటారు.

మత్తు గురించి సంపాదకీయం రాయమని మన యువజనులు చాలాకాలంగా అడుగుతున్నారు. గంజాయి వద్దు, సారా వద్దు అని రాస్తే సరిపోతుందని వాళ్ల ఉద్దేశం కావచ్చు. అది మనకు అలవాటైన ప్రసంగమే. కానీ డాక్టరు చీటీ లేకుండా మాత్ర మింగడం, డాక్టరు చెప్పకుండా మాత్ర మానేయడం, ఈ రెండూ ఒకే అజ్ఞానానికి పుట్టిన కవలలని నేననుకుంటున్నాను. మొదటిదాన్ని పాపమంటున్నాం. రెండోదానికి చప్పట్లు కొడుతున్నాం.

మొదటిదానికి మన తెలుగునేల మీదే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. తెలంగాణలో దాన్ని కల్తీ కల్లు అంటారు. ఈత, తాటి చెట్లు తరిగిపోయాయి. తాగేవాళ్లు తగ్గలేదు. దాంతో నీళ్లలో పంచదార, శాకరిన్ లాంటివి కలిపి, మత్తు కోసం ముందు క్లోరల్ హైడ్రేట్, తర్వాత డయాజిపామ్, ఆల్ప్రాజోలం కలపడం మొదలుపెట్టారు. ఈ చివరి రెండూ ఆందోళనకు, నిద్రలేమికి మానసిక వైద్యులు రాసే మందులు. అలా ఒక పిచ్చాసుపత్రి మందు (ఆ మాట నాకు గిట్టదు, కానీ జనం అనే మాట అదే) కూలి చేసుకొని అలసిపోయి వచ్చిన మనిషి సీసాలోకి, అతనికి తెలియకుండానే చేరింది.

2015 సెప్టెంబరులో ప్రభుత్వం ఈ కల్తీ మీద దాడులు చేసింది. దుకాణాల్లో మందు కలపడం ఒక్కసారిగా ఆగింది. మంచిదే కదా అనుకుంటాం. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది ఆసుపత్రులకు చేరారు. ఫిట్స్, వణుకు, మెడలు వంకర్లు పోవడం, లేనివి కనిపించడం, అయినవాళ్ల మీద తిరగబడటం. కొందరు చనిపోయారు. ఊళ్లలో దాన్ని చూసి దయ్యమనుకున్నవాళ్లు ఉన్నారు. మన కూటాల్లో అయితే మనమూ అలాగే అనుకొని ఉండేవాళ్లం. అది దయ్యం కాదు, ఆల్ప్రాజోలం ఆగిపోవడం.

ఎందుకలా అవుతుంది? మన మెదడులో గాబా అనే రసాయనం ఒకటుంది. పరుగెత్తే మెదడుకు అది బ్రేకు లాంటిది. ఆల్ప్రాజోలం, డయాజిపామ్, సారాయి కూడా, ఆ బ్రేకును బయటినుంచి గట్టిగా నొక్కుతాయి. అందుకే నిద్ర, అందుకే నెమ్మది. వారాలు, నెలలు అలా నొక్కుతూ ఉంటే మెదడు తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. నొక్కే పాదాన్ని చటుక్కున తీసేస్తే బండి ఆగదు. ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు. అందుకే ఈ మందులు ఆపాలంటే డాక్టర్లు కొంచెం కొంచెంగా, ఒక్కోసారి నెలల తరబడి తగ్గిస్తారు. మద్యం, ఈ మాత్ర రెండూ కలిపి తీసుకుంటే ఇంకో ప్రమాదం. రెండు పాదాలు ఒకే బ్రేకు మీద పడి, నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. తాగి వచ్చి నిద్ర పట్టడం లేదని భార్య మాత్రల్లోంచి రెండు మింగేవాళ్లు మన సంఘాల్లో లేరని ఎవరైనా ప్రమాణం చేసి చెప్పగలరా?

పదేళ్లు గడిచినా ఆ కథ ముగియలేదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, కిడ్నీలు దెబ్బతిని ఎంతోమంది నిమ్స్‌లో చేరారు. పరీక్షల్లో తేలింది మళ్లీ ఆల్ప్రాజోలమే. అదే ఏడాది సెప్టెంబరులో బోయిన్‌పల్లిలో ఒక బడి నడిచే భవనంలోనే ఆల్ప్రాజోలం తయారు చేస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. ఒక గదిలో పిల్లలు పాఠాలు చదువుకుంటున్నారు, ఇంకోచోట మత్తు ఉడుకుతోంది. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

మన యానాం సంగతికి వద్దాం. ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరు మనది. చట్టాలు పుదుచ్చేరివి, చుట్టూ ఆంధ్ర. శారదా చట్టం వచ్చిన రోజుల్లో బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహం నేరమని, ఫ్రెంచి వారి యానాం వచ్చి పెళ్లిళ్లు చేసుకున్న చరిత్ర ఈ ఊరిది. హద్దు దాటితే చట్టం మారుతుందన్న పాఠం మనకు తాతల నాటినుంచి వచ్చింది. ఇప్పుడు పెళ్లిళ్ల స్థానంలో సీసాలు. 1995 జనవరి 16 నుంచి ఆంధ్రలో సంపూర్ణ మద్యనిషేధం ఉన్నప్పుడూ, 2019 తర్వాత అక్కడ ధరలు చుక్కలనంటినప్పుడూ జనం చూపు యానాం వైపే తిరిగింది. మనవాళ్లలో కొందరు దాన్ని ఉపాధి అన్నారు. బండి సీటు కింద సీసాలు దాచి దొరికిపోయి, కేసుల చుట్టూ తిరిగిన కుర్రాళ్లలో మన పేటల పిల్లలు ఎందరో! ఆ సీసాల మీద లాభం తిన్నవాడు ఎప్పుడైనా కోర్టు మెట్లెక్కాడా అన్నది నా ప్రశ్న.

ఇక్కడే ఒక మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లినప్పుడు తాగుబోతు మొగుళ్లను మాత్రమే తిట్టలేదు. సారా పాటలు పాడుకున్న కాంట్రాక్టర్లను, ఆ ఆదాయం మీద బతికే ప్రభుత్వాన్ని నిలదీశారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది ఆ పోరాటం వల్లే. మన ప్రసంగాల్లో మాత్రం తాగేవాడే పాపి. అమ్మేవాడు కానుక ఇస్తే వేదిక మీద కుర్చీ వేస్తాం.

నిషేధం ఒక్కటే చాలదనీ మనకు అనుభవమే. 2020 జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా వల్ల దుకాణాలు మూసేస్తే, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లకు సిగ్గు లేక కాదు. శరీరం మద్యానికి కట్టుబడిపోయాక దాన్ని ఆపడానికి వైద్యం కావాలి. ఆ వైద్యం వాళ్లకు అందలేదు. ఎయిమ్స్ వైద్యులు దేశమంతా తిరిగి చేసి 2019లో వెల్లడించిన సర్వే ప్రకారం మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు, అందులో సాయం అవసరమైనంతగా చిక్కుకున్నవారు 5 కోట్ల 70 లక్షలు. నిద్రమాత్రల్లాంటివి వాడేవారు కోటికి పైగా. వీళ్లంతా క్రమశిక్షణ లేనివాళ్లని కొట్టిపారేయగలమా?

యువతీ యువకులారా, మీతో సూటిగా మాట్లాడతాను. గంజాయి మొక్క దేవుడు మొలిపించిందే కదా అయ్యగారూ అని ఒక తమ్ముడు అడిగాడు. ఉమ్మెత్త కూడా దేవుడు మొలిపించిందే తమ్ముడూ. పదిహేను, పదహారేళ్ల వయసులో మెదడు ఇంకా కట్టుబడిలోనే ఉంటుంది. ఆ వయసులో గంజాయి తాగేవారిలో, అందులోనూ ఇంట్లో ఎవరికైనా తీవ్రమైన మనసు జబ్బు ఉన్నవారిలో, చెవుల్లో మాటలు వినిపించడం, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారనిపించడం లాంటి జబ్బు మొదలయ్యే అవకాశం పెరుగుతుంది. అందరికీ రాదు. ఎవరికొస్తుందో ముందు చెప్పేవాడు లేడు. ఇక మందుల షాపు సంగతి. ఆల్ప్రాజోలం, డయాజిపామ్, ట్రమడాల్ వంటివి షెడ్యూల్ హెచ్1 మందులు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రాయాలి. ట్రమడాల్ నొప్పి మాత్రే అయినా 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది. ఎక్కువైతే ఫిట్స్ తెప్పిస్తుంది. పరీక్షల ముందు నెమ్మది కోసమనో, రాత్రి డ్యూటీ తర్వాత నిద్ర కోసమనో స్నేహితుడిచ్చిన మాత్ర వేసుకునే ముందు ఆ రిజిస్టర్ ఎందుకు పెట్టారో ఒకసారి ఆలోచించండి.

ఇప్పుడు రెండో కవల. ఇంతసేపూ చెప్పింది విని, చూశారా, మనసు మందులన్నీ మత్తుమందులే అని ఎవరైనా అంటే అది తప్పు. దిగులు జబ్బుకు ఇచ్చే మందులు మత్తు ఇవ్వవు. వేసుకున్న రోజే పని చేయవు, రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. వాటికోసం ఎవరూ దొంగతనం చేయరు. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర చెడటం ఉంటాయి కాబట్టి అవి కూడా మెల్లగానే తగ్గించాలి. స్కిజోఫ్రేనియా మందులతో ఒళ్లు రావడం, షుగర్, వణుకు, మగత లాంటి ఇబ్బందులు నిజమే. వాటిని రోగి చెప్పుకోవాలి, డాక్టరు వినాలి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో వినే తీరిక తక్కువన్నది మరో నిజం. పెళ్లీడు అమ్మాయి వాల్‌ప్రోయేట్ వాడుతుంటే, గర్భంలో బిడ్డకు అవకరాలు వచ్చే ప్రమాదం ఉందని ఎవరైనా ఆమెతో చెప్పారా? చాలాసార్లు చెప్పరు. అడిగే ధైర్యం మన కుటుంబాలకు నేర్పాలి.

ఉపవాసాల కాలం గనుక లిథియం గురించి ప్రత్యేకంగా రాస్తున్నాను. ఉత్సాహం, దిగులు అలలు అలలుగా వచ్చే బైపోలార్ జబ్బుకు అది పాత మందు, మంచి మందు. కానీ ఔషధానికీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ, అందుకే రక్తపరీక్షలు చేయిస్తుంటారు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. మన గోదావరి ఎండల్లో నీళ్లు కూడా తాగకుండా ఉపవాసం ఉంటే? చేతులు వణకడం, వాంతులు, మాట తడబడటం, చివరికి కిడ్నీలకు, మెదడుకు హాని. ఆ మనిషి వణుకుతుంటే ఆత్మ దిగిందని అనుకున్నామంటే మన అజ్ఞానానికి అతను బలి అయినట్టే. లిథియం వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండకూడదు. కాపరులు ఈ మాట బలిపీఠం దగ్గర నిలబడి చెప్పాలి.

నాకు తెలిసిన ఒక ఇంట్లో పాతికేళ్ల కుర్రాడు ఇలాగే కూటంలో మాత్రలు వదిలేశాడు. మొదటి పదిరోజులు ఇల్లంతా పండగ. కుర్రాడు హుషారుగా ఉన్నాడు, రాత్రంతా ప్రార్థిస్తున్నాడు, తెల్లారుజామున వీధిలో సువార్త చెబుతున్నాడు. నిద్ర పోవడం లేదన్న సంగతి తల్లికి ఒక్కదానికే అనుమానం కలిగించింది. మూడో వారం తన బండి ఎవరికో ఇచ్చేశాడు, అడ్డొచ్చిన తండ్రిని కొట్టాడు, రెండు రోజులు కనబడకుండా పోయాడు. దొరికాక మంచానికి కట్టేశారు. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి మణికట్లు పుండ్లు పడి ఉన్నాయి. నయమయ్యాక వాడన్న మాట నన్ను ఇంకా వదల్లేదు: "నా విశ్వాసం చాల్లేదని అందరూ అంటున్నారు అయ్యగారూ." జబ్బు ఒక బరువు. దాని మీద ఈ నింద ఇంకో బరువు.

2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మనసు జబ్బు ఉన్నవాళ్లను గొలుసులతో కట్టి ఉంచిన పాకకు నిప్పంటుకుంటే 28 మంది కదల్లేక కాలిపోయారు. అది దర్గా పక్కన కదా అని మనం తప్పుకోనక్కర్లేదు. ప్రార్థనాలయం ఆవరణలో కట్టినా గొలుసు గొలుసే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది.

వాక్యం ఏమంటుందని అడిగేవాళ్ల కోసం నాలుగు జ్ఞాపకాలు. హిజ్కియా ప్రార్థన విన్న దేవుడి ప్రవక్తే అతని పుండు మీద అంజూరపు ముద్ద వేయించాడు. చావాలని కోరుకున్న ఏలీయాను దూత గద్దించలేదు, రొట్టె, నీళ్లు పెట్టి నిద్రపోనిచ్చాడు. పౌలు పక్కన లూకా అనే వైద్యుడున్నాడు. అదే పౌలు తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం వాడమన్నాడు. ఇందులో కొంచెం అన్న మాటను మందుబాబులు, వాడమన్న మాటను మాత్రలు మాన్పించే ప్రసంగీకులు మరిచిపోతుంటారు.

కాబట్టి ఈ నలభై రోజులకు మన సంఘాలను కోరుతున్నది ఇదీ. మందు మానేశానన్న సాక్ష్యానికి మైకు ఇవ్వకండి. డాక్టరు తగ్గించారని చెబితే ఇవ్వండి. మందు వాడుతూనే కుదుటపడి పనికి వెళ్తున్నవాళ్లతో కూడా సాక్ష్యం చెప్పించండి, ఇష్టమైతేనే సుమా. తాగుడు మానతానని ముందుకొచ్చిన మనిషిని, రోజూ ఎక్కువగా తాగేవాడైతే, చేతులుంచి ఇంటికి పంపేయకండి. మానేసిన తొలి రెండు మూడు రోజుల్లోనే ఫిట్స్, మతి తప్పడం వస్తాయి, ఆ రోజులు ఆసుపత్రిలో గడవాలి. మాదకద్రవ్యాల కేసు భయంతో వైద్యానికి వెళ్లని కుర్రాళ్లకు, తనంతట తాను చికిత్సకు ముందుకొచ్చిన బానిసకు ఆ చట్టంలోనే 64ఏ సెక్షన్ కింద రక్షణ ఉందని చెప్పండి. మనసు బాగోలేనివాళ్లు టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మత్తు నుంచి బయటపడాలనుకునేవాళ్లకు 14446 ఉంది. రెండింటికీ డబ్బులు పడవు. ఉపవాస కూటాల కరపత్రం ఇంకా అచ్చుకు వెళ్లకపోతే, వక్తల ఫొటోల కింద ఈ రెండు నంబర్లకు కాస్త చోటు వదలండి.