అరగని ఆనోడ్‌ని నమ్మొద్దు

ఫోన్ కొనేటప్పుడు ఐపీ68 ఉందా అని అడుగుతాం. ఆ పరీక్ష మంచినీళ్లలో చేస్తారని, సముద్రపు నీళ్లకి అది హామీ కాదని కూడా ఇప్పుడు చాలామందికి తెలుసు. ఫోన్ కంటే ఎన్నో రెట్లు ఖరీదైన ఔట్‌బోర్డ్ బోటు మోటార్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ జాగ్రత్త కనిపించదు. హార్స్‌పవర్ ఎంత, ఎంత తాగుతుంది, వారంటీ ఎన్నేళ్లు అని అడిగి ఊరుకుంటాం. ఉప్పునీళ్లలో నానే ఆ మోటార్ని కాపాడేది కొన్ని చిన్న లోహపు ముక్కలు. వాటి పేరే శాక్రిఫిషియల్ ఆనోడ్లు. అవి ఏ లోహంతో చేశారో చెప్పని మోటార్ రివ్యూ నా దృష్టిలో సగం రివ్యూనే.

ఆ ముక్క చేసే పని

ఔట్‌బోర్డ్ కింది భాగం అల్యూమినియం పోత. ప్రొపెల్లర్ షాఫ్ట్, చాలా బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు. రెండు వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ ఉప్పునీళ్లలో మునిగితే అదొక బ్యాటరీ అయిపోతుంది, అందులో తినేయబడేది అల్యూమినియం. అంతకంటే సులువుగా కరిగే లోహాన్ని పక్కన బిగిస్తే ముందు అది కరుగుతుంది, మోటార్ మిగులుతుంది. ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ వేసినట్టే అనుకోండి. 1824లోనే హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగి రేకుల మీద ఈ పద్ధతి ప్రయత్నించాడు. మీ ఇంట్లో స్టోరేజ్ గీజర్ ఉంటే, దాని ట్యాంకులో ఉండే మెగ్నీషియం రాడ్ పని కూడా ఇదే.

కండలేరు దగ్గర వచ్చే చిక్కు

ఆనోడ్ అరిగిందంటే పని చేస్తున్నట్టు. ఎప్పటికీ కొత్తదానిలాగే ఉందంటే అనుమానించాలి. మన నెల్లూరు తీరంలో ఈ అనుమానానికి గట్టి కారణమే ఉంది.

మనుబోలు ప్రాంతం దాటి తూర్పుకి వెళ్లే కండలేరు కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైన రాపూరు వైపు రిజర్వాయరులో ఉన్నవి చెన్నైకి తాగడానికి వెళ్లే మంచినీళ్లు. కింద ఏటి మొగలో పోటుకి ఉప్పునీళ్లు లోపలికి వస్తాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి ఆ ఉప్పు పలచబడుతుంది, ఎండాకాలంలో మళ్లీ చిక్కబడుతుంది. అంటే ఒకే బోటు ఒకే ఏడాదిలో రెండు మూడు రకాల నీళ్లు చూస్తుంది.

జింక్ ఆనోడ్ పూర్తి సముద్రంలో బాగానే పనిచేస్తుంది. ఉప్పు తగ్గిన నీళ్లలో మాత్రం దాని మీద గట్టి పొర కడుతుంది. ఆ పొర కట్టాక ముక్క అరగదు, మోటార్ని కాపాడదు. చూసేవాళ్లేమో "భలే గట్టిది, ఇంకా అలాగే ఉంది" అని మురిసిపోతారు. ఈలోగా గేర్‌కేస్ పెయింట్ కింద బుడగలు లేస్తాయి, గుంటలు పడతాయి.

ఉప్పూ తీపీ కలిసే చోటికి సరైనది అల్యూమినియం ఆనోడ్. ఇది మామూలు అల్యూమినియం కాదు. జింక్, కాస్త ఇండియం కలిపిన మిశ్రమం, అందుకే పొర కట్టకుండా కరుగుతుంది. ఏటిలోనూ సముద్రంలోనూ నడుస్తుంది. మెగ్నీషియం మంచినీళ్లకే. దాన్ని సముద్రంలోకి తీసుకెళ్తే త్వరగా కరిగిపోవడమే కాదు, మోటార్ పెయింట్‌ని కూడా లేపేస్తుంది. ఒకే మోటార్‌కి జింక్ ఒకటి, అల్యూమినియం ఒకటి కలిపి బిగించొద్దు.

సరిచూసుకునే పద్ధతి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. మోటార్ ఎలాగూ ఒడ్డున ఉంటుంది కాబట్టి ఈ పని అప్పుడు పెట్టుకోవచ్చు.

• సగం అరిగితే మార్చేయండి. పూర్తిగా పోయేదాకా ఆగితే, తర్వాత అరిగేది మోటారే.

• ఆనోడ్‌కి పెయింట్ వేయొద్దు. కూర్చునే చోటు వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, లోహానికి లోహం తగిలేలా బిగించాలి. మల్టీమీటర్ ఒక ముల్లు ఆనోడ్ మీద గీకిన చోట, రెండోది మోటార్ బాడీ లోహం మీద పెడితే రీడింగ్ దాదాపు సున్నా ఓమ్ రావాలి.

• ప్రొపెల్లర్ పైన చిన్న రెక్కలా ఉండే ట్రిమ్ ట్యాబ్ చాలా మోటార్లలో ఆనోడ్ కూడా. విప్పే ముందు అది ఏ కోణంలో ఉందో మార్కర్‌తో గీత పెట్టుకోండి. కొత్తది బిగించాక బోటు కుడికి లాగుతుంటే ట్యాబ్ వెనక అంచుని కుడికే, ఎడమకి లాగుతుంటే ఎడమకే కొద్దిగా తిప్పాలి. మామూలు బరువుతో, మామూలు వేగంతో నడిపి చూసి మళ్లీ సరిచేయాలి.

• చాలా ఫోర్ స్ట్రోక్ మోటార్లలో ఇంజన్ లోపల, చల్లబరిచే నీళ్లు తిరిగే దారిలో కూడా ఆనోడ్లు ఉంటాయి. బయటికి కనిపించవు. సర్వీసింగ్‌లో వాటిని తీసి చూపించమని అడగండి.

• ఆనోడ్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే కాపాడుతుంది. మోటార్ పైకెత్తాక మంచినీళ్లతో కడగడం మీ బాధ్యతే.

అడగాల్సింది మనమే

"మా నాన్న కాలం నుంచి జింకే వాడుతున్నాం" అనేవాళ్ల మాట తీసిపారేయను. సముద్రంలోనే తిరిగే బోటుకి అది సరిపోతుంది. కానీ ఏటిలో కట్టేసే బోటుకి కూడా అదే ముక్క అమ్మే షాపుని, దాని గురించి ఒక్క వాక్యం రాయని రివ్యూని మాత్రం ప్రశ్నించాలి.

ఫోన్ రివ్యూలో డిస్‌ప్లే మార్చడానికి ఎంతవుతుందో రాస్తాం కదా. అలాగే మోటార్ రివ్యూలో ఆనోడ్లు ఎన్ని, ఎక్కడెక్కడ, ఏ లోహం, సెట్ ధర ఎంత, నెల్లూరులో దొరుకుతుందా లేక చెన్నై నుంచి తెప్పించుకోవాలా అని ఒక వరుస ఉండాలి. గేర్‌కేస్ తినేస్తే బోటు ఒడ్డున పడుంటుంది, ఆ రోజులకి కూలీ ఎవరూ ఇవ్వరు. ఈ వేట విరామంలో స్పానర్ తీసి ఒకసారి చూడండి. రెండేళ్ల నాటి ఆనోడ్ కొత్తదానిలాగే కనిపిస్తే, ముందు మార్చాల్సింది దాన్నే.