హైస్కూల్లోనే పాడి పాఠం

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. అయినా మన హైస్కూళ్లలో పశువిజ్ఞానానికి విడిగా ఒక పీరియడ్ లేదు. ఇది పల్లె పిల్లలకు జరుగుతున్న అన్యాయం.

గేదె ఎదకు రావడాన్నే తీసుకోండి. చాలా గేదెలు ఆవులా హడావుడి చేయవు. తెల్లవారుజామున పడుకున్నప్పుడు మానం నుంచి జారే జిగట తీగను చూసి పోల్చుకోవాలి. పొద్దున కనిపిస్తే సాయంత్రం చూడి కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలి. ఆ పూట తప్పిందా, మళ్లీ సుమారు 21 రోజులు ఆగాల్సిందే. అన్నాళ్ల మేత ఖర్చు రైతు నెత్తినే. హార్మోన్ల పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంది?

పది పాసైనవారికి తిరుపతి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా నడుపుతోంది. ఆ దారి పిల్లలకు ఎనిమిదిలోనే తెలియాలి. వారానికొక పూట ఊరి పశువుల ఆసుపత్రికి పంపాలి, ముఖ్యంగా అమ్మాయిలను. ఇళ్లలో కుడితి పెట్టేదీ, పాలు పితికేదీ ఎక్కువగా ఆడవాళ్లే కదా!