ఆటగాడికి స్కోరు పుస్తకమే సాక్ష్యం

1960 రోమ్ ఒలింపిక్స్. ఫుట్‌బాల్‌లో మన ఎదురుగా నిలిచింది హంగరీ. ఆ రోజుల్లో హంగరీ అంటే మాటలు కాదు. తర్వాత 1967లో ఐరోపా మేటి ఆటగాడిగా బాలన్ డి ఓర్ అందుకున్న ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఆ జట్టులోనే ఉన్నాడు. మనవాళ్లు 2-1తో ఓడారు. మనకొచ్చిన ఆ ఒక్క గోలూ కొట్టింది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు, తులసీదాస్ బలరాం. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా అయిన ఆటలో గోలు కెప్టెన్ పి.కె. బెనర్జీది. పెరూ చేతిలో 3-1తో ఓడినప్పుడు మన గోలు మళ్లీ బలరాందే. ఆ ఒలింపిక్స్‌లో దేశం కొట్టింది మూడు గోల్స్, అందులో రెండు ఒక్కడివి. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ గడప తొక్కనేలేదు.

ఈ మాట వినుకొండ బస్టాండులో చెబితే "ఎవరండీ ఆ బలరాం?" అంటారు. తప్పు అడిగినవాళ్లది కాదు. చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు, రాయాల్సినవాళ్లు రాయలేదు.

బలరాం పుట్టిన సంవత్సరమే చూడండి. ఒకచోట 1936 అని ఉంటుంది, ఇంకోచోట 1937 అని. కంటోన్మెంటు ప్రాంతంలో స్థిరపడిన తమిళ కుటుంబం. ఇంట్లో డబ్బుకు కటకట. ఫుట్‌బాల్ బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు పారేసిన పాత బూట్ల తోలుతో ఊళ్లో చెప్పులు కుట్టేవాడి చేత ఓ జత కుట్టించుకున్నాడని చెబుతారు. ఆ కాళ్లను పసిగట్టినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు, 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, 1950 నుంచి దేశానికి కోచ్. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. బొంబాయి పోయి, బొంబాయి వాళ్ల కప్పును అయిదేళ్లపాటు ఇంకెవరి చేతికీ చిక్కనివ్వలేదు.

రహీం సాబ్ నీడలో బలరాం ఎదిగాడు. 1956-57లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులో ఉన్నాడు. అదే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులోనూ ఉన్నాడు. ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచిన జట్టది. 1957లో ఈస్ట్ బెంగాల్ పిలిచింది. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం ముగ్గుర్నీ కలకత్తా త్రిమూర్తులన్నట్టు చూసింది. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిచాడు, ఆ ఏడు లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కూడా ఆయనవే. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులో ఆయనొకడు. అదే ఏడాదికి అర్జున అవార్డు. మరుసటి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. మంచి వయసులో ఉండగానే ఆట ముగిసింది.

త్రిమూర్తుల్లో ఇద్దరికి పద్మశ్రీ వచ్చింది, మూడోవాడికి రాలేదు. ఆ బాధను బలరాం దాచుకోలేదు. చివరి ఏళ్లు కలకత్తా పక్కన ఉత్తరపాడాలో గడిపి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. రహీం జీవితం మీద 'మైదాన్' సినిమా థియేటర్లకు వచ్చింది 2024 ఏప్రిల్‌లో. అందులో తనను తాను చూసుకునే యోగం కూడా బలరాంకు లేకపోయింది.

ఆయన ఎవరివాడు? పుట్టిన ఇల్లు తమిళం, ఆట నేర్పిన వీధి హైదరాబాద్, పేరిచ్చిన ఊరు కలకత్తా. బెంగాల్ వాళ్లకు హైదరాబాదీ, హైదరాబాద్ వాళ్లకు బెంగాల్‌కు పోయినవాడు. తలా కొంచెం మనవాడనుకుని, పూర్తి లెక్క ఎవరూ రాయలేదు.

స్పెయిన్‌లోని కాటలూనియాలో ఇలాంటివాడే ఒకడున్నాడు. పావులీనో ఆల్కాంతర. 1896లో ఫిలిప్పీన్స్‌లోని ఇలోఇలోలో పుట్టాడు. తండ్రి స్పెయిన్ సైనికోద్యోగి, తల్లి ఫిలిప్పీన్స్ స్త్రీ. 1912 ఫిబ్రవరిలో, పదిహేనేళ్ల వయసులో, బార్సిలోనా క్లబ్ తరఫున తొలి ఆట ఆడాడు. జట్టు 9-0తో గెలిస్తే అందులో మొదటి మూడు గోల్స్ ఆ పిల్లవాడివే. మధ్యలో ఫిలిప్పీన్స్‌కు వెళ్లి అక్కడి జట్టుకూ ఆడాడు. తిరిగొచ్చి స్పెయిన్‌కు ఆడాడు. 1922లో ఫ్రాన్స్ మీద ఆయన కొట్టిన బంతి గోలు వలను చీల్చుకుపోయిందని, అందుకే 'వల చించేవాడు' అని పేరొచ్చిందని చెబుతారు. 1927లో ఆట వదిలి డాక్టరయ్యాడు.

స్పెయిన్‌లో అంతర్యుద్ధం వచ్చినప్పుడు ఆయన ఫ్రాంకో పక్షాన యుద్ధంలోకి దిగాడు. కాటలాన్ల భాషను, స్వపరిపాలనను అణిచిన ఫ్రాంకో పక్షాన! సగటు కాటలాన్ గుండెకు అది మింగుడుపడే సంగతి కాదు. అయినా ఆయన గోల్స్‌ను పుస్తకంలోంచి ఎవరూ కొట్టెయ్యలేదు. 2014 మార్చిలో మెస్సీ ఒసాసునా మీద మూడు గోల్స్ కొట్టి క్లబ్ చరిత్రలో అందరినీ దాటినప్పుడు, ప్రపంచ పత్రికలన్నీ రాసిన పేరు ఆల్కాంతరదే. అప్పటి లెక్క ప్రకారం ఆయనవి 369 గోల్స్. తర్వాత పాత కాగితాలు తిరగేసి, 399 మ్యాచ్‌ల్లో 395 అని క్లబ్బే సవరించుకుంది. లెక్క ఉంటేనే కదా దిద్దుకునేది. ఆ లెక్క ఆయన మీద ప్రేమతో రాసింది కాదు, కోపంతో చెరిపిందీ కాదు. రాయడం అక్కడ అలవాటు, అంతే.

మన దగ్గర లేనిది ఆ అలవాటే. మా వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాను బతికుండగా ఎంతమంది ఎన్ని మాటలన్నారో లోకానికి తెలుసు. ఈనాడు ఆయన మావాడని ఛాతీ విరుచుకుంటున్నామంటే కారణం ఆయన కావ్యాలు అచ్చులో ఉండటం. కవి పోయినా పుస్తకం ఉంటుంది. ఆటగాడి పని తొంభై నిమిషాల్లో గాలిలో కలిసిపోతుంది. ఎవరో ఒకరు పక్కన కూర్చుని రాస్తే తప్ప అది జరిగిందనడానికి సాక్ష్యం లేదు.

పల్నాడులో పండగలకు జరిగే టోర్నమెంట్లు తలుచుకోండి. వాలీబాలో కబడ్డీయో క్రికెట్టో, గ్రౌండు పక్కన టెంటు, మైకు, షీల్డులు. గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ. మొదటి బహుమతి దాత ఎవరు, రెండోది ఎవరు, భోజనాలు ఎవరు, ముఖ్య అతిథి ఎవరు, అన్నీ ఫోటోలతో సహా ఉంటాయి. ఫైనల్లో గెలిపించిన కుర్రాడి పేరు మాత్రం మైకులో రెండుసార్లు మోగి ఆగిపోతుంది. స్కోరు రాసిన కాగితం టెంటు విప్పినప్పుడు టేబుల్ కింద చెత్తలో పోతుంది. పదేళ్ల కిందట కప్పు ఏ ఊరు గెలిచిందంటే కమిటీ వాళ్లే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

"పోయినవాళ్ల లెక్కలు ఎందుకయ్యా, ఉన్న పిల్లలకు గ్రౌండు చూపించు" అని అడిగేవారుంటారు. గ్రౌండు కావాల్సిందే, కాదనను. కానీ లెక్క పోయినవాళ్ల కోసం కాదు, ఉన్న పిల్లల కోసమే. స్పోర్ట్స్ కోటాలో సీటుకో ఉద్యోగానికో వెళ్లిన పిల్లవాణ్ని మొదట అడిగేది కాగితం. పుస్తకం లేనిచోట నిజంగా ఆడినవాడికీ, సర్టిఫికెట్టు కొనుక్కున్నవాడికీ తేడా తెలిసే దారి లేదు. నష్టపోయేది ఎప్పుడూ ఆడినవాడే, అందులోనూ పేదింటివాడే. సిఫార్సు ఉన్నవాడికి పుస్తకంతో పనేముంది?

దీనికి జీవోలు, నిధులు అక్కర్లేదు. ప్రతి హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయుడి దగ్గర ఒక బైండు పుస్తకం. తేదీ, ఆట, ఎదుటి జట్టు, ఆడినవాళ్ల పేర్లు, స్కోరు. కింద రెండు జట్ల కెప్టెన్ల సంతకాలు. టోర్నమెంటు కమిటీలు అదే పని చేసి ఒక ప్రతిని ఊరి గ్రంథాలయంలో ఇస్తే చాలు. దాతలకు ఇంకో షరతు పెట్టొచ్చు: గత ఏడాది స్కోరు పుస్తకం చూపిస్తేనే ఈ ఏడాది చందా. ఫ్లెక్సీకి పెట్టే ఖర్చులో పదో వంతుకు ఇలాంటి పుస్తకాలు పదేళ్లకు సరిపడా వస్తాయి. వచ్చే సంక్రాంతికి మా ఊళ్లో చందా అడగడానికి వచ్చే కుర్రాళ్లను నేను మొదట అడగబోయేది ఆ పుస్తకమే.

— కొండకిందివాడు, వినుకొండ