రాశిలో చేయి పెట్టే వీలు లేని బజారు

గడచిన రమజాన్ చివరి దినాలలో మా ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. ఫోను తెరపై పదే పదే ఎదురైన ప్రకటనలో ‘పెడన కలంకారీ, చేతి అచ్చు, సహజ వర్ణాలు’ అన్న మాటలు నమ్మి మేము తెప్పించుకున్న దుపట్టా అది. చూడటానికి అందంగానే ఉంది. పండుగ తర్వాత, పెడనలో అచ్చుపని చేసే ఒక పెద్దాయనకు చూపించాము. ఆయన బొమ్మవైపు చూడనే లేదు. గుడ్డను తిరగేసి వెనుకవైపు చూశారు. అక్కడ తెల్లగా ఉంది. “స్క్రీన్ ప్రింటండీ ఇది. రంగు గుడ్డలోకి దిగలేదు, పైన కూర్చుంది” అని మడతపెట్టి ఇచ్చేశారు.

విజయవాడ నుంచి పెడనకు రెండు గంటల ప్రయాణం. అయినా మేము ఊరూ పేరూ తెలియని అంగడి వద్ద, తెర మీది బొమ్మను నమ్మి కొన్నాము.

కలంకారీ అన్న మాట పారసీకం నుంచి వచ్చింది. ‘కలం’ అంటే లేఖిని, ‘కారీ’ అంటే పని. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఈ వస్త్రాలు ఇరాన్‌కు ఓడలెక్కేవి. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టాలి. తుప్పు పట్టిన ఇనుమును బెల్లంతో ఊరబెట్టి నలుపు తీయాలి. కొయ్య అచ్చులతో ఒక్కొక్క రంగూ విడిగా అద్ది, ఉడికించి, పారే నీటిలో జాడించాలి. ఇందుకు రోజుల తరబడి శ్రమ కావాలి. స్క్రీన్ ప్రింటుకు అంత సమయం అక్కరలేదు. అయితే ఫోను తెర మీద రెండింటికీ తేడా కనబడదు. చిక్కంతా అక్కడే ఉంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశి వద్ద ఆగి, అందులో చేయి పెట్టి చూసిన సంఘటన మనకందరికీ తెలిసినదే. పైన పొడిగా ఉన్న గింజల అడుగున ఆయన వేళ్లకు తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అలాగైతే ఆ తడి గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడు తమవాడు కాడని స్పష్టం చేశారు. కృష్ణా డెల్టా రైతుకు ఈ సంఘటన వివరించి చెప్పనక్కరలేదు. కొనుగోలు కేంద్రంలో యంత్రం 17 శాతం దాటిన తేమ చూపితే ఏమవుతుందో అతనికి తెలుసు. యంత్రాలు రాక మునుపు వ్యాపారి కూడా రాశిలో చేయి పెట్టి, గింజ కొరికి చూసేవాడు. నేటి ఫోను బజారులో ఆ చేతికి చోటు లేదు.

పాత ప్రకటనలు నిజాయితీగా ఉండేవని మేము అనబోము. బీసెంట్ రోడ్డు బోర్డులు, మైకు కట్టిన రిక్షాలు, సినిమాహాలులో విశ్రాంతి వేళ వేసే స్లైడులు కూడా అబద్ధాలు చెప్పాయి. అయితే ఆ అబద్ధం పదిమంది ఎదుట చెప్పేవారు. పక్కింటివారు అదే విని, కొని, మోసపోయి, మనల్ని హెచ్చరించేవారు. నేటి ప్రకటన ఒక్కరి చెవిలో గుసగుసలాడుతుంది. మనం ఏమి వెతికామో, దేని దగ్గర క్షణం ఆగామో లెక్కగట్టి, ఎవరి బలహీనతకు తగిన మాటను వారికే వినిపిస్తుంది.

మా బంధువులలో ఒక పెద్దావిడ రోజూ ఫజ్ర్ తర్వాత ఫోనులో ఖుర్ఆన్ పారాయణం వింటారు. ఆ పారాయణాల వెంటే ఆమెకు ఒక కలోంజీ నూనె ప్రకటన రాసాగింది. నలభై రోజుల్లో మధుమేహం మాయమవుతుందట! కలోంజీ పట్ల మన ఇళ్లలో ఉన్న గౌరవం హదీసుల నుంచి వచ్చింది. ఆ గౌరవాన్నే ఎవరో సరుకుగా మార్చారు. ఆమె ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశారు. కాలి పుండు మానక ఆసుపత్రిలో చేర్చినప్పుడు గానీ ఇంట్లోవారికి విషయం తెలియలేదు. ఆ ప్రకటన కొడుకు ఫోనులో ఒక్కసారి కూడా కనబడలేదు. అతనికి వచ్చేవి మోటారు సైకిళ్ల ప్రకటనలు.

మధుమేహం నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. వినియోగదారుల రక్షణ చట్టం (2019) కింద 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అమ్మేవారితో సంబంధం ఉండి సరుకును సిఫారసు చేసేవారు ఆ సంబంధాన్ని వెల్లడించాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా విధించవచ్చు. ‘ఇంకా రెండే మిగిలాయి’ అని లేని తొందర పెట్టడాన్ని 2023 నవంబరులో నిషిద్ధ పద్ధతుల జాబితాలో చేర్చారు. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. మేము దుపట్టా విషయమై ఆ నంబరుకు ఫోన్ చేయలేదు. బద్ధకమే కారణమని ఒప్పుకుంటున్నాము.

అయితే మనం కొనేవారిమి మాత్రమే కాము. వించిపేటలో, ఇస్లాంపేటలో మన సోదరీమణులు ఎందరో వాట్సాప్ స్టేటస్ ద్వారా చుడీదార్ గుడ్డలు, అత్తరు, మచిలీపట్నం రోల్డ్ గోల్డ్ నగలు అమ్ముతున్నారు. దుకాణం అద్దె భరించలేని ఇంటికి ఇది నిజంగా వరమే. తెలిసినవారితో ‘చాలా బాగుంది’ అని రాయించుకోవడం వారిలో కొందరికి తప్పుగా తోచడం లేదు. కొనే ఉద్దేశం లేకుండా ఇతరులను ఆశపెట్టేందుకు ధర పెంచి పలకడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. దానికి ‘నజష్’ అని పేరు. కొనకుండానే రాసే పొగడ్త దానికి తోబుట్టువని మా అభిప్రాయం.

వించిపేట సోదరి ఒకరు ప్రతి గుడ్డకూ మూడు ఫొటోలు పెడతారు. మూడవది వెనుకవైపుది. స్క్రీన్ ప్రింటయితే కింద ఆ మాటే రాస్తారు. మొన్న అలా రాసినందుకు ఇద్దరు వెనక్కి తగ్గారట. ఒకరు మాత్రం ధర తక్కువ కదా అని అదే తీసుకున్నారట.