మన యూరికి మనమే చుట్టములము



పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత మన యూళ్ళ విషయమున అక్షరాల నిజమగుచున్నది. కాశికి బోయివచ్చిన గృహిణి అచ్చటి ఘట్టముల పేరులు వరుసగా చెప్పగలదు. ఆమెయే తాను కాపురమున్న వీధికి ఆ పేరెట్లు వచ్చినదని అడిగినచో చెప్పజాలదు. దూరముననున్న దానికై సెలవు, సొమ్ము, మూటముల్లె సిద్ధము చేసికొందుము. దగ్గరనున్న దానిని ఎప్పుడైన చూడవచ్చును లెమ్మని విడిచిపెట్టుదుము. ఆ ‘ఎప్పుడో’ యనునది ముప్పది యేండ్ల కాపురములో నొక్కనాడును రాదు.

పురుషుల కీ కొఱత కొంత తక్కువ. కచేరీపని యనియు, సభ యనియు, స్నేహితు లనియు వారు ఊరంతయు దిరుగుదురు. స్త్రీకి ఊరనగా ఇల్లు, కూరగాయల బజారు, గుడి, పిల్లల బడి, ఆసుపత్రి. ఉద్యోగము చేయు సోదరీమణులకు సహితము ఇంటినుండి పనికి బోవు దారియే యూరు. చుట్టములు వచ్చినప్పుడు వారికి ఊరు చూపుటకు ఇంటివారు బయలుదేరుదురు; మనము వారు తిరిగివచ్చువేళకు వంట సిద్ధము చేయుచు ఇంటనుందుము. కావున నెలకొక్క దినము మన యూరికి మనమే చుట్టములమై పోవలెనని మా సూచన. పోయినచో నేమి లభించునో రాజమహేంద్రవరమును ఉదాహరణముగా గైకొని చెప్పెదము.

ఉదయముననే గోదావరి స్టేషనులో రైలు దిగినవారివలె బయలుదేరి, మొదట నదియొడ్డునకు బోవలెను. రేవులవెంట నడచినచో మూడు వంతెనలు గానవచ్చును. అందు హేవలాకు వంతెన 1900లో రైళ్ళకు తెరువబడి, దాదాపు నూఱేండ్లు పనిచేసి, 1997లో విశ్రాంతి గైకొన్నది. పైన బాటయు క్రింద రైలుదారియు గల వంతెన 1974 నాటిది. విల్లులు వరుసగా నిలిపినట్లు కమానులు గలది వాని తరువాత కట్టినది. నిత్యము వీని మీదుగా బోవువారు సయితము ఏది ముందో ఏది వెనుకో యెఱుగరు. పిల్లలను వెంటబెట్టుకొని పోయినచో వారే యడిగెదరు. వారికి చెప్పుటకై మనము తెలిసికొందుము.

ఈ రేవుల మెట్లు దిగునప్పుడు మన మొక నీళ్ళబిందెను దలచుకొనవలెను. 1881వ సంవత్సరము డిశంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఈ యూరిలో మొదటి వితంతు వివాహము జరిపించిరి. బంధువులు, ఇరుగుపొరుగువారు వారిని వెలివేసిరి. వంటవారు రాలేదు, నీళ్ళు తెచ్చువారు మానిరి. అప్పుడు వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి బోయి నీళ్ళు మోసి తెచ్చి, పెండ్లివారికి వంట చేసి పెట్టిరి. పంతులుగారి యుపన్యాసములను గ్రంథములు విస్తరించి చెప్పును. ఆ బిందె బరువు మాత్రము గృహిణికే తెలియును. నాడు ఆమె బిందె దింపి ఇది నావలన కాదనియున్నచో ఆ పెండ్లి యేమగునో ఆలోచింపుడు.

అచ్చటినుండి పంతులుగారి జన్మగృహమునకు బోవలెను. 1848లో వారు పుట్టిన ఆ యిల్లు నేడు ప్రభుత్వమువారి రక్షణలో నున్నది. 1883లో వారు మన స్త్రీలకొఱకే ‘సతీహితబోధిని’ యను పత్రికను వెలువరించిరి. ఇట్టి పుటలు తెఱచి చదువుకొను మనకు ఆ గడప పుట్టినింటి గడప వంటిది. 1890లో వారు కట్టించిన పురమందిరమును గూడ ఆనాడే చూచిరావచ్చును.

ఊరి నడుమ నొక ప్రాచీనమైన మసీదు కలదు. దాని ద్వారముపై 1324వ సంవత్సరపు శాసనము చెక్కబడియున్నది. అనగా ఏడు వందల యేండ్ల నాటి మాట. పండుగకు బట్టలు కొనుటకై ఆ ప్రాంతమున నెన్నిమార్లు తిరిగియుందుమో! ఒక్కమారైనను తలయెత్తి ఆ ద్వారమును చూచినవారెందఱు? నన్నయభట్టు భారతము తెలిగించిన రాజరాజనరేంద్రుని నగరమని పాఠములలో చదివిన యూరే యిది. పుస్తకమునకు వీధికి నడుమ నున్న దూరము మన పాదములతోడనే తఱుగవలెను.

మధ్యాహ్నము ఎండవేళ దామెర్ల రామారావుగారి చిత్రశాలలో గడపుట మేలు. ఈ యూరిలో 1897లో పుట్టి, బొంబాయిలో చిత్రకళ నభ్యసించి, ఆంధ్రదేశమున నూతన చిత్రకళకు దారిజూపిన యీ మహనీయుడు ఇరువదియెనిమిదేండ్లు నిండకయే 1925లో మశూచిచే మరణించెను. ఆయన భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులే. ఒక్క యింటిలో మగవానితో పాటు ఇద్దఱు స్త్రీలు నూఱేండ్ల క్రిందట కుంచె పట్టిరను మాట మన బాలికలకు తెలియవలదా?

సాయంకాలమునకు ధవళేశ్వరము పోవలెను. కాటనుదొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన ఆనకట్ట యిచ్చటిదే. దాని స్థానమున నేడు మనము చూచునది 1970 తరువాత కట్టిన బరాజు. పంతులుగారు 1874లో బాలికల పాఠశాల స్థాపించినదియు ఈ గ్రామముననే. వానకాలమున మొదటి ప్రమాద హెచ్చరిక, రెండవది, మూడవది యని వార్తలలో విందుము. ఇచ్చట నీటిమట్టము 11.75 అడుగులైనచో మొదటిది, 13.75 అయినచో రెండవది, 17.75 అయినచో మూడవది. 1986 ఆగస్టు వఱదలో 35 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు ఇచ్చటినుండి సముద్రమునకు బోయినది. మనకు ఆ యంకెలు వార్తలు. లంకలలోని సోదరీమణులకు అవి పొయ్యి ఆర్పి, బియ్యము మూటగట్టి, పసిబిడ్డల నెత్తుకొని గట్టున కెక్కవలసిన ఘడియలు. ఒక్కమారు ఆ నీటి యొడ్డున నిలిచి చూచినవారు అట్టి వార్తను పరధ్యానముగా వినజాలరు.

ఇంటిపని యెవరు చేయుదురని మీరడుగవచ్చును. మనము తిరుపతికి బోయిన మూడుదినములును ఇల్లు నడచుచునే యున్నది గదా! ఒక్క దినమునకు నడువదా? పులిహోర, పెరుగన్నము, మంచినీళ్ళు వెంట తీసికొన్నచో ఖర్చును స్వల్పమే. పండుగనాడు గాక పనిదినమున బోవుడు. వస్తుప్రదర్శనశాలలకు వారపు సెలవు ఏనాడో ముందుగా విచారింపుడు. ఒక దినమున అన్నియు చూడవలెనను ఆతురత వలదు. రెండు మూడు స్థలములు చాలును. ప్రతి చోటను ఎవరు కట్టించిరి, ఎప్పుడు, ఎవరికొఱకు అను మూడు ప్రశ్నలు వేసి, జవాబులను ఆడపిల్లచేత పుస్తకములో వ్రాయింపుడు. ఇంట వృద్ధురాలైన అత్తగారో మేనత్తగారో యున్నచో తప్పక వెంటగొని పోవుడు. పుస్తకములలో లేని సంగతులు ఆ దారిలో ఆమె నోటనుండి వెలువడును.

ఇది వేడుక మాత్రమే యనుకొనరాదు. 2015లో పుష్కరములు జరిగినవి; మరల 2027లో రానున్నవి. లక్షలకొలది స్త్రీలు ఈ రేవులలో స్నానమాడుదురు. తడిచీర మార్చుకొనుటకు చాటున్నదా? చంటిబిడ్డతో వచ్చిన తల్లి కూర్చుండుటకు నీడయున్నదా? మెట్ల కడ ముసలమ్మ పట్టుకొనుటకు కమ్మి యున్నదా? మరుగుదొడ్లకు తలుపులును నీళ్ళును ఉన్నవా? ఇట్టి ప్రశ్నలు కచేరీలో కాగితములు చూచువారికి తోచుట యరుదు. ఆ మెట్లపై తాను నడచి చూచిన స్త్రీకి తోచును. చూడనివారు అడుగజాలరు, అడుగనివారికి ఎవరును పెట్టరు. ఊరు మనదని పలుకుటకు ముందు ఊరిని మనము చూచియుండవలెను.

రాజమహేంద్రవర మొక యుదాహరణము మాత్రమే. బెజవాడయైనను, వరంగల్లైనను, హైదరాబాదైనను, కడుపు చేతబట్టుకొని చేరిన పరదేశపు పట్టణమైనను, మీరు కాపురమున్నదే మీ యూరు. దానిలో ఎచ్చటనో ఒక స్త్రీ మోసిన బిందె యుండితీరును. వచ్చు నెలలో నొక దినము నిర్ణయించుకొని, చెప్పులు తొడుగుకొని బయలుదేరుడు. చూచినది పది పంక్తులలో వ్రాసి మాకు పంపుడు.