చిన్న ప్రాణికి చిన్న గాయం

ఈ నెల మేము ఊరగాయల సంగతి వ్రాద్దామని అనుకున్నాము. ఇంతలో మా యింట గినీపిగ్గుకు జబ్బు చేసి, పదిరోజులపాటు ఇంటిల్లిపాదికీ మరొక ధ్యాస లేకుండా పోయింది. కుక్కకో పిల్లికో దెబ్బ తగిలితే ఏం చేయాలో చెప్పేవారు వీధికి నలుగురుంటారు. దీని సంగతి చెప్పేవారు మాకు దొరకలేదు. అందుకని మాకు జరిగినదీ, మేము నేర్చుకొన్నదీ వ్రాస్తున్నాము. పిల్లలున్న యిళ్ళలో ఎవరికైనా అక్కరకు రావచ్చు.

పేరులో పిగ్గు ఉన్నా అది పంది కాదు, గినీ దేశానిదీ కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల జనం వేల ఏళ్ళ క్రిందటే సాకిన ప్రాణి. ఎలుక, ఉడుతల కోవకు చెందినది. బాగా ఎదిగితే ముప్పాతిక కిలో మొదలు కిలోకు కొంచెం పైదాకా తూగుతుంది. కొత్తిమీర కట్ట విప్పిన చప్పుడైతే చాలు, కుయ్‌కుయ్‌మని ఇల్లెగరగొడుతుంది.

మా అమ్మాయి పోరగా పోరగా రెండింటిని కొన్నాము. ఒకటి బుజ్జి, రెండవది గుండు. రెండూ మగవి. ఒకే పెట్టెలో ఉంచడం మా తెలివితక్కువ. ఒకనాడు కరుచుకొన్నాయి. పైకి ఏమీ కనబడలేదు గనుక ఊరుకున్నాము. నాలుగవనాడు అమ్మాయి వచ్చి, "నాన్నా, బుజ్జి కొత్తిమీరకు కూడా లేవడం లేదు" అన్నది. వెంట్రుకలు విడదీసి చూస్తే తుంటిమీద కుంకుడుకాయంత వాపు, పైన తడి, చెడు వాసన. ఒత్తయిన బొచ్చు క్రింద గాట్లు మానినట్టే మాని లోపల చీము పట్టాయన్నమాట.

మా అమ్మ పసుపూ నూనే కలిపి తెచ్చింది. మేము అలమారు తెరచి, అమ్మాయికి జ్వరం వచ్చినప్పుడు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్పు తీశాము. పసిపిల్లకు పనికివచ్చిన మందు దీనికి పనికిరాదా, మూడు చుక్కలు పోస్తే పోలేదా అనుకున్నాము. నిజం చెప్పాలంటే మరొక లెక్క కూడా వేశాము. దానిని కొన్న ఖరీదుకన్న డాక్టరు ఖర్చు ఎక్కువవుతుందేమోనని. ఆ మాట పైకి అనలేదు. కాని అమ్మాయి మా ముఖం చూచి గ్రహించినట్టే ఉన్నది. బుజ్జిని గట్టిగా పట్టుకొని, "డాక్టరును అడగందే వద్దు నాన్నా" అని కూర్చున్నది. చేసేది లేక బయలుదేరాము. సీసా కూడా జేబులో వేసుకొన్నాము.

డాక్టరుగారు సీసా చూస్తూనే వేసిన మొదటి ప్రశ్న: "ఇది పోశారా?" లేదన్న తరువాతనే బుజ్జిని చేతిలోకి తీసుకొన్నారు. ఆయన కన్నడంలో చెప్పిన సంగతి యిది. గినీపిగ్గు పేగులలో గడ్డి అరగడానికి తోడ్పడే మంచి సూక్ష్మజీవులు ఉంటాయి. పెన్సిలిన్ జాతి మందులు నోట పడితే అవి చచ్చి, చెడ్డవి పెరిగి విషం పుట్టిస్తాయి. విరేచనాలు పట్టుకొని కొద్ది రోజులలో ప్రాణం పోవచ్చు. అమాక్సిసిలిన్ ఆ జాతిదే. ఇది కొత్త సంగతి కాదు. పెన్సిలిన్ గినీపిగ్గులకు ప్రాణాంతకమని 1943 లోనే ప్రయోగాలలో తేలింది. 1940 లో ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, ఆయన తోటివారు ఆ మందును చిట్టెలుకల మీద పరీక్షించారు గనుక సరిపోయింది. గినీపిగ్గుల మీదనే మొదలుపెట్టి ఉంటే మందు అక్కడే మూలబడేదేమో!

దీని చీము మనుష్యుల చీములా కారేది కాదు. జున్నులా గట్టిగా ఉంటుంది. నొక్కితే బయటికి రాకపోగా లోపలికి వ్యాపిస్తుంది. డాక్టరుగారు మత్తు ఇచ్చి గడ్డ కోసి, లోపల కడిగి, దాని బరువునుబట్టి వేరే మందు వ్రాసియిచ్చారు. ఆ మందు పేరు యిక్కడ వ్రాయము. పేరు చూచి ఎవరైనా కొని పోస్తే మా తప్పే మళ్ళీ జరుగుతుంది.

ఇక ఇంట్లో మేము చేసినది. లీటరుకు 9 గ్రాముల చొప్పున ఉప్పు వేసి, మరగించి, గోరువెచ్చగా చల్లార్చిన నీళ్ళతో రోజుకు రెండుసార్లు పుండు కడిగాము. మా యింటావిడ తువ్వాలులో చుట్టి ఒడిలో పట్టుకొంటే, మేము సూది తీసిన సిరంజితో నీళ్ళు మెల్లగా వదిలేవారము. ముందూ వెనుకా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. స్పిరిట్టు, హైడ్రోజన్ పెరాక్సైడు కూడవు. మాంసం మండి పుండు మానడం ఆలస్యమవుతుంది. పసుపూ నూనే కూడా వద్దన్నారు. ప్రాణి నాకుతుంది, బొచ్చు జిడ్డై మురికి పడుతుంది. మా అమ్మ కాస్త చిన్నబుచ్చుకొన్నది గాని, పాత పంచె ఉతికి, చింపి, పెట్టెలో పరచడానికి తానే ఇచ్చింది. రంపపుపొట్టు తీసివేసి ఆ గుడ్డలు రోజూ మార్చాము. ఈగ వాలకుండా పెట్టెకు దోమతెర కట్టాము. ఈగ గ్రుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగు పడవచ్చు.

గాయంకన్న భయపడవలసినది తిండి మానడం. ఇది పూట గడిచినా తినకుంటే పేగుల కదలిక ఆగి ప్రమాదం ముంచుకొస్తుంది. తినే గుళికలను నానబెట్టి, మెత్తగా చేసి సిరంజితో కొంచెం కొంచెంగా పెట్టాము. వంటింటి త్రాసులో రోజూ తూచాము. 840 గ్రాములది 790 కి దిగి, మళ్ళీ మెల్లగా ఎక్కింది. ఆ అంకెలన్నీ అమ్మాయి నోటుపుస్తకంలో వ్రాసింది.

మరొక ముఖ్యమైన సంగతి. మనలాగే యిదీ సి విటమిన్ తన ఒంట్లో తయారుచేసుకోలేదు. 1907 లో నార్వేలో హోల్‌స్ట్, ఫ్రోలిష్ అనేవారు స్కర్వీ జబ్బును గినీపిగ్గులలోనే కనిపెట్టి చూపారు. ఆ విటమిన్ తక్కువైతే పుండు మానదు. కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాములైనా కావాలి, జబ్బులో 30 దాకా అవసరం. రోజూ ఒక బుట్టమిరప ముక్క, కొంచెం కొత్తిమీర పెట్టాము. త్రాగే నీళ్ళలో కలిపితే విటమిన్ త్వరగా చెడిపోతుంది.

వాపు పెరిగినా, వాసన వేసినా, తిండి మానినా, పెంటికలు తగ్గినా ఇంటివైద్యం ఆపి ఆ పూటే డాక్టరు దగ్గరకు పోవాలి. కడగడం, చూడడం, తినిపించడం మన పని. కోయడం, మందు నిర్ణయించడం మన పని కాదు.

పదవనాడు కొత్తిమీర కట్ట విప్పగానే పెట్టెలోనుంచి కుయ్‌కుయ్ వినబడింది. పుండు చుట్టూ సన్నని నూగు మొలిచింది. గుండును ప్రక్కన వేరే పెట్టెలో ఉంచాము. ఒకదానికొకటి కనబడతాయి, కరుచుకోలేవు.

ఆ సాయంత్రం మేము అలమారు తీసి, మిగిలిన మందుల సీసాలన్నీ ఏరి పారవేశాము. నీళ్ళు కలిపిన సిరప్పు మనుష్యులకైనా వారం రెండు వారాలకు మించి పనికిరాదట. ఒక్క అమాక్సిసిలిన్ సీసాను మాత్రం అమ్మాయి ఖాళీ చేసి, కడిగి, తన బల్లమీద పెట్టుకొన్నది. ఎందుకని మేము అడగలేదు.

ఊరగాయల సంగతి వచ్చే నెల తప్పక వ్రాస్తాము.