బడే మా వాడకు సిద్ధం కావాల

మా బిడ్డలు బడికి సిద్ధంగా లేరట. వాళ్ళను సిద్ధం చెయ్యడం మా తల్లులకు చేతగాదట. ఈ మాట ఒకప్పుడు అరుగు మీద కూర్చుని తిట్టులాగా అనేవాళ్ళు. ఇప్పుడు శిక్షణా తరగతుల్లో సలహాలాగా చెప్తున్నారు. తిట్టు పోయి సలహా వచ్చింది గానీ అర్థం మారలేదు. తప్పంతా ఇంటిది, బడిది ఏమీ లేదు అనేదే ఆ అర్థం.

నేను చిత్తూరు జిల్లాలో ప్రభుత్వ బడి టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. మా నాయిన బెల్లం గానుగ దగ్గర కూలి. మాయమ్మ చెనక్కాయలు వొలిచీ, మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పొయ్యీ మమ్మల్ని సాకింది. ప్రతి జూన్ నెలలో ఉద్యోగ ధర్మంగా నేను వాడల్లోకి పోయి, తొలిసారి బడికొచ్చే బిడ్డల తల్లుల్ని కూర్చోబెట్టి 'సన్నాహం' గురించి చెప్పాల. చెప్పాల్సిన మాటలు కాగితం మీద ఉంటాయి. రాత్రిపూట ఒక కథ చదివి వినిపించండి. ఇంట్లో చదువుకు ఒక మూల కేటాయించండి. రంగు పెన్సిళ్ళు, బొమ్మల పుస్తకాలు కొనివ్వండి. వేళకు నిద్రపుచ్చండి. మంచి మాటలు నేర్పండి.

ఈ కాగితంలో ఉన్న ఇల్లు ఎవరిది? రాసినవాళ్ళది. ఆ ఇంట్లో చదువొచ్చిన తల్లి రాత్రి ఎనిమిదికి తీరుబడిగా ఉంటుంది. మూలకు బల్ల, గోడకు బొమ్మలు ఉంటాయి. మా వాడలో ఒక గదిలోనే పొయ్యి, ఆ గదిలోనే పడక. ఏ మూల కేటాయించాల? చదువు రానివ్వని తల్లి ఏ కథ చదివి వినిపించాల? తోతాపురి కాయలు దిగే కాలంలో రాత్రి షిఫ్టుకు వ్యానెక్కే తల్లి ఏ వేళకు బిడ్డను నిద్రపుచ్చాల? బడులు తెరిచేదీ, ఫ్యాక్టరీలకు కాయ మొదలయ్యేదీ ఒకే కాలం. 2025లో రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రుల పెద్ద సమావేశం పెట్టింది జూలై 10న. మా జిల్లాలో కాయకు ధర పడిపోయి, ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందర వరసలు కట్టిన ఏడాది అది. అట్లాంటి రోజుల్లో పగటిపూట సమావేశానికి రాని తల్లిని 'బిడ్డ చదువు మీద శ్రద్ధ లేదు' అనడం సులువు. ఆమె పోగొట్టుకునే కూలిని రాసుకునే గడి ఏ రిజిస్టర్లోనూ లేదు.

అయితే మా ఇండ్లు బిడ్డకు ఏమీ నేర్పలేదా? ఐదేండ్లు నిండకముందే మా బిడ్డ మందలో తమ మేకను పోల్చుకుంటుంది. అంగడికి పోయి సరుకుతో పాటు చిల్లర లెక్కగా తెస్తుంది. అమ్మ కూలికి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని ఊరడిస్తుంది. అవ్వ చెప్పిన పొడుపుకథలు, నాట్లకాడ విన్న పాటలు నోట్లో పెట్టుకుని బడికొస్తుంది. గుమ్మం దాటగానే ఇదంతా సున్నా. పుస్తకంలో ఉండేది చీపురు, మా బిడ్డ 'పొరక' అంటే తప్పు. పుస్తకంలో ఉండేది అమ్మమ్మ, మా బిడ్డ 'అవ్వ' అంటే తప్పు. వేరుశనగను 'చెనక్కాయ' అన్నా తప్పే. చీపురు అనే మాట రాని బిడ్డకు తెలివి లేదన్నారు. ఆ బిడ్డ చేతికే పొరకిచ్చి తరగతి గది ఊడ్చమన్నప్పుడు మాత్రం ఆ తెలివి సరిపోయింది. ఎన్ని తరాలు ఊడ్చినాం!

ఇంటి సన్నాహమే అన్నిటికీ మూలం అనేవాళ్ళు బాబాసాహెబ్ అంబేద్కర్ ఇంటిని చూడాల. తండ్రి సైన్యంలో సుబేదారు. సైనికుల బడిలో పాఠాలు చెప్పిన మనిషి. బిడ్డల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చదివించిన మనిషి. అంతకన్నా సిద్ధంగా ఉన్న ఇల్లు ఏముంటుంది? అయినా సతారా బడిలో ఆ బిడ్డ విడిగా గోనెపట్ట మీద కూర్చున్నాడు. ఆ గోనెపట్టను బడి ఊడ్చే మనిషి తాకడని, రోజూ ఇంటికి మోసుకుపోయి మళ్ళీ తెచ్చుకున్నాడు. బంట్రోతు వచ్చి నీళ్ళు పొయ్యకపోతే దప్పికతో ఉండిపోయినాడు. సిద్ధంగా లేనిది ఇల్లా, బడా?

ఇంకో పక్క చూడండి. 1855లో పూణేలో ముక్తా సాల్వే అనే మాంగు కులపు పిల్ల, ఫూలే దంపతుల బడిలో మూడేండ్లు చదివి, పద్నాలుగేండ్ల వయసులో మాంగు, మహర్ల దుఃఖం మీద వ్యాసం రాసింది. 'జ్ఞానోదయ' పత్రికలో అది అచ్చయింది. అక్షరాన్ని తాకనివ్వని కులంలో పుట్టిన పిల్ల ఆమె. ఆ పిల్ల కోసం బడి సిద్ధమై కూర్చుంది. అదొక్కటే తేడా. సన్నాహం గురించి నాకు తెలిసిన శాస్త్రమంతా ఈ ఇద్దరి కథల్లోనే ఉంది.

మా కాలంలో సన్నాహానికి ఒక పరీక్ష ఉండేది. కుడిచెయ్యి నెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవిని పట్టుకోవాల. అందితే ఈడు వచ్చినట్టు. 1994లో మాయమ్మ నన్ను పిలుచుకుపోయింది. నా చెయ్యి అందలేదు. 'వచ్చే ఏడు తీసుకురాపో' అన్నాడు అయివారు. 'చెయ్యి పొట్టిదైతే బుర్ర గూడా పొట్టిదేనా సామీ? మేకల్ని లెక్కపెడతాది, అడిగి చూడండి' అనింది మాయమ్మ. ఆయన అడగలేదు. ఒక ఏడాది పోయింది. మరుసటేడు చేర్చుకున్నప్పుడు నా పుట్టినరోజు జూలై 1 అని రాసినాడు. నాతోపాటు చేరిన మా వాడ పిల్లోళ్ళందరికీ అదే తేదీ. ఒక్కరోజునే వాడ వాడంతా పుట్టినట్టు!

ఆ పరీక్ష కొలిచింది మా ఈడును కాదు, మా తిండిని. కడుపునిండా తిన్న బిడ్డ చెయ్యి ముందుగా అందుతుంది. గంజితో పెరిగిన బిడ్డ చెయ్యి ఆలస్యంగా అందుతుంది. మా ఆకలిని మా అనర్హతగా రాసుకున్నారు. 2009 విద్యాహక్కు చట్టం వచ్చినాక వయసు రుజువు లేదని బిడ్డను వెనక్కి పంపకూడదు. చెవి పరీక్ష పోయింది. ఆకలి పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేండ్ల లోపు బిడ్డలు నూటికి 31 మంది ఈడుకు తగిన ఎత్తు లేరని తేలింది. 2015-16 సర్వేలో గూడా దాదాపు అంతే. ఆ బిడ్డల తల్లికి రంగు పెన్సిళ్ళ గురించి చెప్పమంటారు నన్ను.

ఈ బరువు తల్లి నెత్తికి ఎట్లా ఎక్కిందో చదువుకున్న మిత్రులు తెలుసుకోవాల. రాజ్యాంగంలో మొదట రాసిన 45వ అధికరణం పద్నాలుగేండ్లు నిండేదాకా బిడ్డలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించే ప్రయత్నం పదేండ్లలో జరగాలనింది. కింది హద్దు పెట్టలేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు, పద్నాలుగేండ్లు నిండేదాకా చదువు ప్రాథమిక హక్కేనని చెప్పింది. ఆ కేసులో ఎదుటి పక్షం మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఆ తర్వాత ఏం చేసినారు? 2002లో 86వ సవరణ తెచ్చి, హక్కును ఆరు నుంచి పద్నాలుగేండ్ల వాళ్ళకే బిగించినారు. ఆరేండ్ల లోపు బిడ్డను 'రాజ్యం ప్రయత్నించాలి' అనే మెత్తటి మాటలోకి నెట్టినారు. అదే సవరణతో 51ఎ అధికరణంలో కొత్త విధి చేర్చినారు. ఆరు నుంచి పద్నాలుగేండ్ల బిడ్డకు చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని. చిన్నబిడ్డ హక్కు పోయింది, తల్లి మీద విధి వచ్చింది. మా చేతికిచ్చే సలహాల కాగితం ఆ సవరణకు బిడ్డే.

హక్కు ఖాళీ చేసిన చోటులోకి అంగళ్ళు వచ్చినాయి. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వీధుల్లో ఎల్‌కేజీ, యూకేజీ బోర్డులు చూడండి. కొన్నిటి మీద మాంటిస్సోరి పేరు. మరియా మాంటిస్సోరి 1907లో రోములో తన మొదటి బాలల ఇల్లు తెరిచింది శాన్ లొరెంజో అనే పేదల పేటలో. పగలంతా పనికిపోయే తల్లిదండ్రుల బిడ్డల కోసం. అంటే మా వాడలాంటి చోట పుట్టిన చదువు అది. ఇప్పుడు ఫీజు కట్టలేని వాడలే దానికి దూరం. విద్యాహక్కు చట్టంలో బలహీన వర్గాల బిడ్డలకు ప్రైవేటు బడిలో 25 శాతం సీట్లున్నాయి. ఆ బడిలో ఎల్‌కేజీ ఉంటే అక్కణ్ణుంచే ఇవ్వాలని చట్టమే చెప్తుంది. చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. మన రాష్ట్రం ఆ సీట్లు నింపడం మొదలుపెట్టేదానికి పదేండ్లకు పైగా పట్టింది. బడికి సిద్ధంగా లేనిది ఎవరు?

2020 జనవరి 9న మా చిత్తూరులోనే అమ్మఒడి మొదలైంది. తల్లి ఖాతాకు ఏడాదికి 15 వేలు. 2025 నుంచి తల్లికి వందనం వచ్చింది. వాడల్లో ఆ డబ్బు విలువ నాకు తెలుసు, ఎగతాళి చెయ్యను. కానీ రెండూ ఒకటో తరగతి నుంచే. మూడేండ్ల బిడ్డ తల్లి ఆ లెక్కలో లేదు. ఎముక, మెదడు, మాట పెరిగే కాలమంతా ఆమె ఒంటరిగానే ఈదాల.

ఆ కాలంలో మాకున్నది ఒక్క అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైన పథకం, ఇప్పుడు మన రాష్ట్రంలోనే 55 వేలకు పైగా కేంద్రాలు. మా బిడ్డల కిండర్‌గార్టెన్ అదే. కానీ అంగన్‌వాడీ ఊళ్ళో ఉంటే మా బిడ్డ రోడ్డు దాటిపోవాల. వాడలో ఉంటే ఊరి బిడ్డ రాడు. ఆ కేంద్రాన్ని నడిపే ఆడవాళ్ళు 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేసినారు. అప్పుడు వర్కర్‌కు నెలకు 11,500, ఆయాకు 7,000. అడిగినందుకు ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. తమాషా చూడండి. జీతమడిగితే అత్యవసర సేవ, జీతమివ్వాల్సి వస్తే గౌరవ వేతనం!

చేతగాక చెయ్యలేదంటే నమ్మను. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పెద్దింటి బిడ్డల బడి ఒకటుంది. దాని గ్రామీణ కేంద్రం చుట్టుపక్కల పల్లెల కోసం చదువు పద్ధతిని తయారుచేసింది. బొమ్మల కార్డులు, పల్లె పాటలు, పల్లె కథలు. ఒక్కో బిడ్డ తన నడకన తాను పోవచ్చు. వెనకబడినావని ఎవరూ అనరు. ఆ దారిలోనే 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులు నడిచినాయి. 2021 జూలైలో కేంద్రం గూడా 'విద్యాప్రవేశ్' పేరుతో ఒకటో తరగతికి మొదటి మూడు నెలలు ఆటపాటల సన్నాహం పెట్టింది. సన్నాహం బడి పని అని అక్కడ ఒప్పుకున్నట్టే గదా. మరి మూడు నెలలకే మా బిడ్డను 'వెనకబడిన' జాబితాలో ఎందుకు రాయాల?

మనలో మనం గూడా మాట్లాడుకోవాల. రిజర్వేషన్‌తో ఉద్యోగాలొచ్చిన వాళ్ళం పట్నంలో ఇల్లు కట్టి బిడ్డను కాన్వెంటు ఎల్‌కేజీలో వేస్తాం. ఆ హక్కు మనకుంది. 'మాతృభాషలోనే చదవండి' అని మనకు చెప్పే పెద్దలు ముందు తమ మనవళ్ళను చూపించాల. మా బిడ్డకు ఇంగ్లీషు కావాల. పొరక అనే మాటను చులకన చెయ్యని ఇంగ్లీషు కావాల. కానీ మన బిడ్డ పోయినాక వాడలో అంగన్‌వాడీ గోడ పడిపోయినా అడిగే నోరు అక్కడ లేకుండా పోతోంది. వాడ విడిచిపోయినా వాడ బడిని విడిచిపెట్టకూడదు.

విద్యార్థి మిత్రులారా, విగ్రహానికి దండ వేసినాక అంగన్‌వాడీ దాకా పోయి రండి. ఎంతమంది బిడ్డలుండారు, గుడ్డు వస్తాందా, నీళ్ళుండాయా చూడండి. 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు చేతిలో పెట్టుకోండి. ఆరేండ్ల లోపు బిడ్డలు 40 మందికి తక్కువ లేని పల్లె గానీ మురికివాడ గానీ అడిగితే, మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాల. ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు ఇవ్వాల. ఇది దయ కాదు, ఉత్తర్వు. తల్లుల సమావేశం కూలి వేళలో బడిలో గాకుండా, పొద్దుగూకినాక వాడలో పెట్టమని పట్టుబట్టండి. ఆరేండ్ల లోపు బిడ్డకు హక్కు తిరిగివ్వమని అడగండి. ఇంటి మాటతో మొదలుపెట్టి బడి మాటకు తీసుకుపోవడం టీచరు పని అని మాలాంటి టీచర్లకు గూడా గుర్తు చెయ్యండి.

మా తల్లులు చెయ్యాల్సిన సన్నాహం చేసినారు. బిడ్డను కన్నారు, తాము తినకుండా సాకినారు, ఒకపూట కూలి పోగొట్టుకుని బడి గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని తెచ్చినారు. ఇంక లెక్క చెప్పాల్సింది గుమ్మానికి లోపలున్న వాళ్ళు.